కంకర పోసే ముందు బండి నడిపి చూడండి

(నమూనా రైళ్ళ మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. రాస్తున్నది కాజీపేటలో ఉండే, రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన టెక్నీషియన్. ఇప్పుడు అక్కడి మోడల్ రైల్వే క్లబ్బు కడుతున్న కొత్త లేఅవుట్‌కు, అంటే బల్లల మీద పట్టాలు వేసి కట్టే నమూనాకు, వైరింగ్ పని చూస్తున్నారు.)

ప్రశ్న: మీ క్లబ్బువాళ్ళు కొత్త లేఅవుట్ మొదలుపెట్టారట. శని, ఆదివారాల్లో అసలు ఏం పని జరుగుతుంది? నా దగ్గర పనిముట్లేమీ లేవు. వచ్చి ఊరికే నిలబడాల్సి వస్తుందేమోనని సంకోచం. – ఒక పాఠకుడు, జమ్మికుంట

రండి. పనిముట్లు మా దగ్గర ఉన్నాయి, చేతులే తక్కువ పడుతున్నాయి.

మేం కడుతున్నది కాజీపేట చుట్టుపక్కల రైలు మార్గం. హెచ్‌ఓ సైజు, అంటే నిజం బండిలో 87వ వంతు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫాతిమానగర్‌లో అద్దెకు తీసుకున్న గది తలుపు తీస్తాం. ముందు బల్లల పని. పైన 12 మి.మీ. ప్లైవుడ్, దాని కింద చెక్క ఫ్రేము, ఫ్రేముకు కాళ్ళు, ఒక్కో కాలి అడుగున తిప్పితే ఎత్తు మారే బోల్టు. గదిలో తాండూరు బండలు పరిచారు. కంటికి సమంగానే కనిపిస్తాయి గానీ కడిగిన నీళ్ళు పోవడానికి తలుపు వైపు వాలు ఇచ్చారు. అందుకని రసమట్టం పెట్టి ఒక్కో బోల్టూ తిప్పుకుంటూ పోవాలి. తర్వాత ఒక పట్టా ముక్క పెట్టి దాని మీద వ్యాగన్ వదిలి చూస్తాం. చక్రాలు మంచివైతే, రసమట్టంలో బుడగ కదలనంత చిన్న వాలుకు కూడా అది మెల్లగా జరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదట ఇచ్చే పని ఇదే. చాలా ముఖ్యమైన పని. లూప్ లైనులో, అంటే బండిని పక్కకు ఆపే లైనులో, నిలబెట్టిన వ్యాగన్ల వరుస దానంతటదే మెయిన్ లైను మీదికి జారితే ఆ లేఅవుట్ మీద బండ్లు ఏం నడుపుతాం?

బల్లలు కుదిరాక గోధుమరంగు చుట్ట కాగితం పరిచి లైన్లన్నీ అసలు సైజులో పెన్సిల్‌తో గీస్తాం. మొదట కూర్చోబెట్టేది పాయింట్లను, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పట్టాలను. పాయింట్లు వంగవు, సర్దుకోవు. వాటి మధ్య వచ్చే మామూలు పట్టాయే వంగి సర్దుకోవాలి. ఇలా వంచుకోగలిగే ఫ్లెక్సీ పట్టా 914 మి.మీ. పొడవు వస్తుంది. వంపులో రెండు ముక్కలు కలిసే చోట ముందు తిన్నగా పెట్టి సోల్డర్ చేసి, ఆ తర్వాత వంచాలి. వంచాక అతికిస్తే కీలు దగ్గర కోణం పడుతుంది. బండి సరిగ్గా అక్కడే పట్టా తప్పుతుంది.

తర్వాతిది నా పని. ప్రతి పట్టా ముక్కకూ అడుగు నుంచి ఒక సన్న తీగ, అంటే డ్రాపర్, సోల్డర్ చేసి బల్ల కింద పరిగెత్తే లావు తీగలకు కలుపుతాం. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మి.మీ. తీగ మాకు సరిపోతుంది. ఎరుపు ఒక పట్టాకు, నలుపు రెండో పట్టాకు. పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ల ద్వారా కరెంటు ఎలాగూ పోతుంది కదా, ప్రతి ముక్కకూ తీగ ఎందుకని చాలామంది అడుగుతారు. కొత్తలో పోతుంది. ఏడాది తిరిగేసరికి ఫిష్‌ప్లేట్ వదులై, తుప్పో దుమ్మో పట్టి, బండి అక్కడికి రాగానే ఆగిపోతుంది. అప్పటికి పైన కంకర, గడ్డి, చెట్లు అన్నీ అయిపోయి ఉంటాయి.

తీగలు కలిపాక రూపాయి బిళ్ళ పరీక్ష. మేం నడిపేది డీసీసీ, అంటే పట్టాలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఏ ఇంజను కదలాలో దానికి సంకేతం పోతుంది. కంట్రోలర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న పట్టా మీద రూపాయి బిళ్ళ అడ్డంగా పెడతాం. రెండు పట్టాలూ షార్ట్ అవుతాయి. కంట్రోలర్ వెంటనే కట్ అయితే వైరింగ్ బాగున్నట్టు. కట్ కాకపోతే మధ్యలో తీగ సన్నదైనా అయి ఉండాలి, జాయింటైనా బలహీనంగా ఉండాలి. అలా వదిలేస్తే రేపు బండి పట్టా తప్పినప్పుడు షార్ట్ ఆగక చక్రాలు, ప్లాస్టిక్ కాలిపోతాయి. గది పొడవునా బిళ్ళను జరుపుకుంటూ ఇదే చేస్తాం.

ఆదివారం ఉదయం బండ్లు నడపడమే. కంకర లేదు, గుట్ట లేదు, ప్లైవుడ్ మీద ఉట్టి పట్టాలు. నడిపేది నిదానంగా. నిజం బండి గంటకు 30 కి.మీ. పోతుంటే హెచ్‌ఓలో అది సెకనుకు 10 సెం.మీ. కూడా పోదు. ఆ వేగంలోనే లోపాలు బయటపడతాయి, జోరుగా నడిపితే దూకి దాటిపోతుంది. గూడ్సు, ప్యాసింజరు రెండూ ముందుకూ వెనక్కూ అన్ని పాయింట్ల మీదా తప్పకుండా తిరిగేదాకా ఎవరూ కంకర సంచి విప్పకూడదని మా దగ్గర పట్టింపు. ఈ విషయంలో నేను మెత్తబడను.

ప్రశ్న: ఒక ప్లైవుడ్ షీటు కొన్నాను, 8 అడుగులు 4 అడుగులు. మా ఊరి మీదుగా పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను పెట్టెలన్నిటితో హెచ్‌ఓలో నడపాలని నా కోరిక. ఎలా మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, మంచిర్యాల

కోరిక మంచిదే, షీటు చాలదు. లెక్క చూడండి. ఆ బండికుండే ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె ఒకటి సుమారు 24 మీటర్లు. 87తో భాగిస్తే 27 సెం.మీ. పైనే. 22 పెట్టెల బండి ఆరు మీటర్లు దాటుతుంది. మీ షీటు పొడవు రెండున్నర మీటర్లు కూడా లేదు. పెట్టెలు తగ్గించి ఆరు పెట్టుకున్నా అసలు ఇబ్బంది వంపు దగ్గర వస్తుంది. బండి తప్పకుండా తిరగాలంటే వంపు వ్యాసార్థం పెట్టె పొడవుకు రెండున్నర రెట్లైనా ఉండాలి, కంటికి బాగుండాలంటే మూడు రెట్లు. 27 సెం.మీ.కు రెండున్నర రెట్లంటే 68. అర్ధవృత్తం తిరిగి రావడానికే నాలుగున్నర అడుగుల వెడల్పు కావాలి, అంచున కొంచెం జాగా వదలాలంటే ఐదు. మీది నాలుగు.

నా సలహా వినండి. మీరుండేది సింగరేణి ప్రాంతం. బొగ్గు బండి కట్టండి. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, నమూనాలో 12 సెం.మీ. పై చిలుకు. దానికి మూడు రెట్ల వంపంటే 37 సెం.మీ. మీ షీటు మీద హాయిగా తిరుగుతుంది. ముందు పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను పెట్టుకోండి, అది 17 మీటర్లే, నమూనాలో 20 సెం.మీ. లోపు. వంపు మాత్రం 50 సెం.మీ. దాకా పెంచండి, ఇంజనుకూ సుఖం. ఒక మూల బొగ్గు నింపే సైడింగు, ఒక లూప్ లైను, నాలుగు పాయింట్లు. ఖాళీ వ్యాగన్లు లోపల పెట్టి నిండినవి బయటికి తీయడమే పెద్ద పని, గంటసేపు కూర్చోబెడుతుంది. ఎక్స్‌ప్రెస్ గుండ్రంగా తిరుగుతుంటే చూసేవాడికి పావుగంటలో విసుగొస్తుంది.

ఎక్స్‌ప్రెస్సే కావాలంటే ఎన్ స్కేల్‌కు వెళ్ళండి. అది 160వ వంతు, పెట్టె 15 సెం.మీ., అదే షీటు మీద ఆరేడు పెట్టెలు చక్కగా తిరుగుతాయి. కానీ మన ఇంజన్లు, పెట్టెలు ఆ సైజులో దొరకడం కష్టం, చాలావరకు మీరే చేసుకోవాలి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ.ను 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంటే దుకాణంలో కొన్న పట్టా మీద మన బండి నిలబెడితే పట్టాల మధ్య ఎడం కొంచెం ఇరుకుగా కనిపిస్తుంది. అందరూ దాన్ని అంగీకరించే ఆడుతున్నారు. నేనూ అంతే.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి మనవడికి రైలు సెట్టు తెచ్చాడు. ప్లగ్గు పిన్ను మార్చి మన సాకెట్లో పెట్టొచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

పెట్టకండమ్మా. ముందు అడాప్టర్ మీద సన్న అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ అన్న చోట 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుని ధైర్యంగా పెట్టొచ్చు. ఉట్టి 120 అని ఉంటే మన 230 వోల్టులకు అది క్షణాల్లో కాలిపోతుంది. పిన్ను మార్చినంత మాత్రాన వోల్టులు మారవు. 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, అది మధ్యలో పెట్టండి. బాబు ఆడుకుంటున్నంతసేపూ పెద్దవాళ్ళు ఒకరు దగ్గరుంటే మంచిది.

ప్రశ్న: కాజీపేట ట్రయాంగిల్‌ను నమూనాగా కడుతున్నాను. మూడు వైపులా పట్టాలు కలిపి కరెంటు ఇవ్వగానే షార్ట్ అవుతోంది. పట్టాలన్నీ తీసి మళ్ళీ వేసినా అంతే. ఎక్కడా తీగ తాకడం లేదు. బాగా టెన్షన్‌గా ఉంది. – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

మీ పనిలో లోపం లేదు తమ్ముడూ. ఆ ఆకారంలోనే షార్ట్ ఉంది. మా లేఅవుట్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా అదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కాజీపేట దగ్గర మూడు దారులు కలుస్తాయి: సికింద్రాబాద్ వైపు ఒకటి, బల్లార్షా వైపు ఒకటి, వరంగల్ మీదుగా విజయవాడ వైపు ఒకటి. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. ఈనాటికీ చెన్నై–ఢిల్లీ బండ్లు చాలావరకు కాజీపేట జంక్షన్‌కు రావు. వరంగల్‌లో ఆగి, జంక్షన్‌ను పక్కన పెట్టి నేరుగా బల్లార్షా లైనులో కలుస్తాయి. ఆ మూడో భుజం వల్లే ట్రయాంగిల్ ఏర్పడింది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ట్రయాంగిల్‌ను జంట గీతలతో గీయండి, ఒక్కో గీత ఒక్కో పట్టా. సికింద్రాబాద్ వైపు నుంచి మొదలుపెట్టి ఎడమ పట్టాను ఎర్ర పెన్సిల్‌తో, కుడి పట్టాను నల్ల పెన్సిల్‌తో దిద్దండి. పాయింటు దగ్గర రెండు వైపులా చీలండి, రంగులు మార్చకండి. ఒక దారి బల్లార్షా వైపు పోతుంది, రెండోది వరంగల్ వైపు. ఇక మిగిలింది ఆ రెంటినీ కలిపే భుజం. ఒక చివర నుంచి దాన్ని దిద్దుకుంటూ రెండో చివరకు వచ్చి చూడండి, ఎరుపు వచ్చి నలుపును ముట్టుకుంటుంది. మీరు ఎన్నిసార్లు పీకి వేసినా అదే జరుగుతుంది.

చేయాల్సింది ఇది. మూడు భుజాల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాని రెండు చివర్లలోనూ రెండేసి పట్టాలు కోసి, ఆ సందుల్లో ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు పెట్టండి. నాలుగు కోతలూ ఉండాలి, ఒక పట్టాను మాత్రమే కోస్తే సరిపోదు. ఇప్పుడు ఆ భుజం కరెంటుపరంగా ఒంటరి. దానికి డీపీడీటీ స్విచ్ ద్వారా, అంటే రెండు తీగలనూ తారుమారు చేసే స్విచ్ ద్వారా, కరెంటు ఇవ్వండి. బండి ఏ వైపు నుంచి లోపలికి వస్తుందో ఆ వైపుకు సరిపడా స్విచ్ వేసి ఉంచాలి. డీసీసీ అయితే ఆ బదిలీని దానంతటదే చేసే ఆటో రివర్సర్ దొరుకుతుంది. మామూలు డీసీ అయితే బండి పోయే దిక్కును పట్టాల్లోని ప్లస్, మైనస్‌లే నిర్ణయిస్తాయి కాబట్టి, బండిని ఆ భుజం లోపల ఆపి, మెయిన్ లైను దిశ మార్చి, ఆ తర్వాతే బయటికి తీయాలి.

ఎంచుకున్న భుజం మీ బండి పొడవు కంటే పొడుగ్గా ఉండాలి. బండి తల ఒక కోత మీద, తోక ఇంకో కోత మీద ఒకేసారి ఉంటే ఇనుప చక్రాలు రెండు చోట్లా సందును కలిపేసి మళ్ళీ షార్ట్ చేస్తాయి. మేం వరంగల్–బల్లార్షా భుజాన్ని ఎంచుకున్నాం. ఒక ఇంజను, డజను బొగ్గు వ్యాగన్లు కలిపి సుమారు 170 సెం.మీ. వస్తాయి, అందుకని భుజాన్ని రెండు మీటర్లు చేశాం.

సిగ్నల్ విభాగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసిన పని దీనికి చాలా దగ్గర. అక్కడా పట్టాల మధ్య ఇన్సులేటెడ్ జాయింట్లు పెట్టి లైనును ముక్కలు చేస్తాం. ఒక్కో ముక్కలో చిన్న కరెంటు తిరుగుతూ ఒక రిలేను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌ను, పట్టి ఉంచుతుంది. బండి ఇరుసు రెండు పట్టాలనూ కలపగానే రిలే వదిలేస్తుంది, వెనక సిగ్నల్ ఎరుపు పడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా పడేది ఎరుపే. మీ ట్రయాంగిల్ నడిచాక ఈ ట్రాక్ సర్క్యూట్ కూడా పెట్టండి. వచ్చే శనివారం వస్తే మా బల్ల కిందికి దూరి అంతా చూడొచ్చు.

ప్రశ్న: నేను పదో తరగతి. నాకు రైళ్ళ నమూనాలంటే చాలా ఇష్టం. అది మగపిల్లల ఆట అని మా అన్న అంటాడు. డబ్బు లేకుండా నేను ఏం చేయొచ్చు? – ఒక విద్యార్థిని, పెద్దపల్లి

బిడ్డా, మా క్లబ్బులో పాయింట్లను కదిపే మోటర్లన్నీ బిగించింది ఇద్దరు అమ్మాయిలు. మీ అన్నను తీసుకుని రా, వాళ్ళతోనే మాట్లాడిస్తాను.

డబ్బు లేకుండా చేయగలిగిన పని స్టేషన్. దళసరి అట్ట, స్కేలు, కట్టర్, ఫెవికాల్ చాలు. మీ స్టేషన్‌ను ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫొటో తీసుకో, పట్టాల మీదికి దిగకు. ఫొటోలో తలుపును కొలబద్ద చేసుకో. తలుపు సుమారు 210 సెం.మీ. ఉంటుంది, నమూనాలో 24 మి.మీ. తలుపుకు గోడ ఎన్ని రెట్లుందో ఫొటోలో కొలిస్తే గోడ ఎత్తు తెలిసిపోతుంది. మనిషి 170 సెం.మీ. అనుకుంటే 19 లేదా 20 మి.మీ. ఎత్తైన ప్లాట్‌ఫాం పట్టా పైనుంచి 84 సెం.మీ. వరకు ఉంటుంది, అంటే నీకు సెంటీమీటరు కంటే కొంచెం తక్కువ. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు చేత్తో రాయి, ప్రింటు తీసినదానికంటే బాగుంటుంది.

తాటిచెట్లు మాత్రం తక్కువ ఎత్తులో చేయకు. 15 మీటర్ల తాటిచెట్టు నమూనాలో 17 సెం.మీ. వస్తుంది. అంత పెద్దదా అనిపించి అందరూ సగానికి కోసేస్తారు, దాంతో ఊరంతా బొమ్మలా తేలిపోతుంది. ఎప్పుడైనా పుణె వెళ్తే జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూడు, 1998 నుంచి ఉంది. ఒక ఊరిని ఎంత ఓపికగా కట్టొచ్చో అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర గ్రానైట్ క్వారీల పొడి కావలసినంత దొరుకుతుంది. కంకరగా వాడొచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

వాడొచ్చు. మేం వాడేదీ అదే. బయట దొరికే ప్యాకెట్లలో కొన్నిటిలో ఉండేది రంగు వేసిన అక్రోటు పెంకుల పొడి, నీళ్ళు తగలగానే తేలిపోతుంది. మన రాయి కదలదు, రంగూ మన లైనుకు సరిపోతుంది. రైల్వే కంకరలో పెద్ద రాయి 65 మి.మీ. వరకు ఉంటుంది. హెచ్‌ఓలో అది ముప్పావు మి.మీ. కాబట్టి టీ జాలిలో జల్లించి కిందికి దిగినదే తీసుకోండి. దాన్ని నీళ్ళలో కడిగి మెత్తని పిండి పోగొట్టి, ఎండలో ఆరబెట్టండి.

ఆరాక పళ్ళెంలో పలచగా పరిచి అయస్కాంతం తిప్పండి. ఈ పని తప్పించుకోకండి. కొన్ని రాళ్ళలో ఇనుము ఉంటుంది, కోత యంత్రాల ఇనుప రజను కూడా కలుస్తుంది. అయస్కాంతానికి మీసాల్లా అంటుకునే ఆ నల్లపొడి పట్టాల మధ్య ఉంటే, ఇంజను మోటర్‌లోని అయస్కాంతం దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఆ మోటర్ ఇక ఎక్కువ కాలం నడవదు.

మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్య సర్ది, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్ళు తుంపరగా కొట్టండి. తర్వాత ఫెవికాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి సిరంజితో చుక్కచుక్కగా వదలండి. సబ్బునీళ్ళు ముందు పోస్తేనే జిగురు లోపలికి దిగుతుంది, లేదంటే ముద్దలు కడుతుంది. పాయింట్ల కదిలే నాలుకల దగ్గర కంకర వద్దు. ఇదంతా తీగల పరీక్ష, నడిపే పరీక్ష అయ్యాకే.

ప్రశ్న: మే నెలలో మేడమీద గదిలో నా పట్టాలు పాములా వంకర తిరిగాయి. చలికాలంలో వేసినప్పుడు తిన్నగానే ఉన్నాయి. – ఒక పాఠకుడు, రామగుండం

మన ఎండకు ఇది మామూలే. నికెల్ సిల్వర్ పట్టా ఐదు మీటర్లకు, వేడి 25 డిగ్రీలు పెరిగితే 2 మి.మీ. సాగుతుంది. అదే సమయంలో పొడి గాలికి చెక్క కొంచెం ముడుచుకుంటుంది. రెండూ కలిసి పట్టాను పక్కకు తోస్తాయి. నిజం లైనులో కూడా ఎండాకాలం గ్యాంగ్‌మన్‌లు ప్రత్యేకంగా పెట్రోలింగ్ చేసేది ఈ భయంతోనే.

వంపుల్లో మాత్రమే జాయింట్లు సోల్డర్ చేయండి. తిన్నటి చోట్ల ఫిష్‌ప్లేట్ వదులుగా ఉంచి, చలికాలంలో వేస్తే రెండు పట్టాల మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. ఎండలో వేస్తే అంత అక్కర్లేదు. ప్రతి ముక్కకూ విడిగా డ్రాపర్ ఉంటే సందు వల్ల కరెంటుకు ఏ ఇబ్బందీ ఉండదు. ఇప్పటికే వంకర పోయినదాన్ని తిన్నటి చోట సన్న రంపంతో ఒక మి.మీ. కోసి, మేకులు తీసి, సర్ది మళ్ళీ కొట్టండి. కొత్త పట్టా కొననక్కర్లేదు.

ప్రశ్న: కరెంటు స్తంభాలు, పై తీగలు పెట్టాలా వద్దా? – ఒక పాఠకుడు, కాగజ్‌నగర్

ఎలక్ట్రిక్ ఇంజను నడుపుతుంటే పెట్టండి, లేకుంటే బండి వెలితిగా కనిపిస్తుంది. స్తంభానికీ స్తంభానికీ నిజంగా 72 మీటర్ల వరకు దూరం ఉంటుంది, హెచ్‌ఓలో 80 సెం.మీ. పైనే. చిన్న లేఅవుట్‌కు 50 సెం.మీ. సరిపోతుంది. తీగ పట్టాకు ఆరు సెం.మీ. పైన పడుతుంది. నిజం తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి గానీ నమూనా తీగలో కరెంటు వద్దు, బండికి పట్టాల్లోనిదే చాలు. స్తంభాలను అతికించకండి, బల్ల కింద నుంచి స్క్రూతో బిగించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు తుడిచేటప్పుడు విప్పి పక్కన పెట్టుకోవచ్చు.